40 సర్వర్లు, ఒక నోట్‌ప్యాడ్ ఫైల్

ప్రశ్న: నేను ఒక సంస్థలో సిస్టమ్ అడ్మిన్‌ని. 40 లినక్స్ సర్వర్లు, దాదాపు 70 విండోస్ కంప్యూటర్లు నా ఒక్కడి చేతిమీదే నడుస్తాయి. కొత్త సర్వర్ వచ్చిందంటే నా దగ్గరున్న నోట్‌ప్యాడ్ ఫైల్ తెరిచి అందులోని కమాండ్లు ఒక్కొక్కటే కాపీ చేసి పేస్ట్ చేస్తాను. సగం రోజు పోతుంది. ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ లోపాలు సరిచేసే అప్‌డేట్లు) రాత్రిపూట ఒక్కో సర్వర్‌లో లాగిన్ అయి వేస్తాను. ఆ కమాండ్లన్నీ వరసగా నడిపే షెల్ స్క్రిప్ట్ రాశాను గానీ అది 600 లైన్లు దాటింది, ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే నాకే భయం. ఇలాంటి పనులు ఆటోమేట్ చేసే టూల్స్ అంటూ యాన్సిబుల్, పప్పెట్, షెఫ్, టెర్రాఫామ్ అని చాలా పేర్లు వింటున్నాను. ఏది నేర్చుకోవాలి? ఒక్క తప్పు రాస్తే 40 సర్వర్లూ ఒకేసారి పడిపోవా? అంతా ఆటోమేట్ చేసేస్తే రేపు నా అవసరమే లేదంటారేమో అని ఇంకో టెన్షన్. అన్నట్టు, ఎవరు పెట్టారో, లోపల ఏముందో తెలియని పాత సర్వర్ ఒకటుంది. నాలుగేళ్లుగా రీస్టార్ట్ కూడా చేయలేదు. దాన్నేం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ నోట్‌ప్యాడ్ ఫైల్‌కి ఒక కాపీ తీసి భద్రంగా పెట్టుకోండి. మీరు దాని గురించి కాస్త నామోషీగా రాసినట్టు అనిపించింది గానీ, మీ సంస్థలో సర్వర్ అంటే ఎలా ఉండాలో రాసిపెట్టిన కాగితం అదొక్కటే. చాలామందికి అది కూడా ఉండదు, అంతా తలలోనే ఉంటుంది. మీ ఫైల్‌లో లోటల్లా ఒకటే: అందులో ‘ఏం చేయాలి’ అని ఉంది, ‘ఎలా ఉండాలి’ అని లేదు. ఈ తేడా పట్టుబడితే టూల్ నేర్చుకోవడం పెద్ద పని కాదు. పట్టుబడకపోతే మాత్రం యాన్సిబుల్‌లో కూర్చుని కూడా షెల్ స్క్రిప్టే రాస్తారు.

నేనూ అలా రాసినవాడినే. చాలా ఏళ్ల కిందట హోస్ట్స్ ఫైల్ (యంత్రాల పేర్లు, చిరునామాలు ఉండేది) చివర ఒక లైన్ చేర్చే చిన్న స్క్రిప్ట్ రాసి, క్రాన్‌లో (వేళకి పనులు నడిపే సదుపాయం) రోజూ రాత్రి నడిచేలా పెట్టాను. నడిచింది. మానకుండా నడిచింది. ఏడాది తర్వాత వేరే పనిమీద ఆ ఫైల్ తెరిస్తే అదే లైన్ 300 పైచిలుకు సార్లు ఉంది. స్క్రిప్ట్ తప్పేమీ లేదు. నేను ‘చేర్చు’ అన్నాను, అది చేర్చింది. నేను అనాల్సిన మాట ‘ఈ లైన్ ఉండాలి’. ఉంటే వదిలెయ్, లేకపోతే చేర్చు. ఒకసారి నడిపినా వందసార్లు నడిపినా మిగిలేది ఒకటే కావాలి. దీనికి ఐడెంపొటెన్స్ అని పేరు. పేరు నోరు తిరగదు గానీ విషయం ఇంతే.

మీ 600 లైన్ల స్క్రిప్ట్ ఎందుకు అంత పెరిగిందో చూడకుండానే ఊహించగలను. ఇది ఉందా, ఉంటే ఇలా, లేకపోతే అలా. లినక్స్ రకాల్లో ఉబుంటు అయితే ఈ కమాండ్, రెడ్ హ్యాట్ అయితే ఆ కమాండ్. ఫలానా సర్వర్ అయితే మాత్రం రెండూ వద్దు. ఇలా ఇఫ్ మీద ఇఫ్ పేరుకుని ఉంటుంది. మీ ఒక్కరి బాధ కాదిది. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ అనే భౌతికశాస్త్ర పరిశోధకుడు సరిగ్గా ఇలాంటి స్క్రిప్ట్‌లతోనే వేగలేక సీఎఫ్‌ఇంజిన్ రాశాడు. ఆయన చుట్టూ రకరకాల యూనిక్స్ యంత్రాలు ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో మినహాయింపు. యంత్రం చివరికి ఎలా ఉండాలో మనం చెప్పాలి, అక్కడికి చేర్చే పని టూల్ చూసుకోవాలి అన్నది ఆయన పట్టుకున్న దారి. తర్వాత వచ్చిన పప్పెట్ (2005), షెఫ్ (2009), సాల్ట్ (2011), యాన్సిబుల్ (2012) అన్నీ ఏదో ఒక మేరకు ఆ దారిలో నడిచినవే.

ఇక వాటిలో ఏది అంటారా? మీకు యాన్సిబుల్. మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ (దూరంనుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) దారినే వెళ్తుంది, అవతలి సర్వర్‌లో పైథాన్ ఉంటే చాలు, విడిగా ఏ ఏజెంటూ (అక్కడే ఉండి పనిచేసే ప్రోగ్రామ్) పెట్టనక్కర్లేదు. పప్పెట్ మంచిదే. ప్రతి సర్వర్‌లో దాని ఏజెంట్ కూర్చుని, మామూలుగా 30 నిమిషాలకోసారి తన ప్రధాన సర్వర్‌ని అడిగి, ఎవరైనా చేత్తో మార్చినదాన్ని మళ్లీ సరిచేస్తూ ఉంటుంది. వందల్లో, వేలల్లో యంత్రాలుండి పదిమంది చేతులు పడే చోట అది బంగారం. కానీ 40 సర్వర్లకు ఒక్కరే ఉన్నప్పుడు, వాటిని చూసుకోవడానికి మరో సర్వర్, ఆ సర్వర్‌ని చూసుకోవడానికి మళ్లీ మీరే అంటే, పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అవుతుంది. టెర్రాఫామ్ పని వేరు. క్లౌడ్‌లో సర్వర్‌ని, నెట్‌వర్క్‌ని పుట్టించడం దాని పని. పుట్టిన సర్వర్ లోపల ఏముండాలో చూసుకోవడం యాన్సిబుల్ పని. ఈ రెంటికీ పోటీ పెట్టి రాసేవాళ్లను చూస్తుంటే నాకు విసుగొస్తుంది. మీ సర్వర్లు క్లౌడ్‌లో ఉంటే దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

విండోస్ కంప్యూటర్లను ప్రస్తుతానికి పక్కన పెట్టమంటాను. యాన్సిబుల్ విన్‌ఆర్‌ఎం అనే విండోస్ సదుపాయం ద్వారా విండోస్‌తో కూడా మాట్లాడగలదు. కానీ సర్వర్ ఎప్పుడూ మేలుకుని ఉంటుంది, మనుషులు వాడే కంప్యూటర్ అలా కాదు. మీరు ప్లేబుక్ (ఏది ఎలా ఉండాలో యాన్సిబుల్‌కి రాసిచ్చే ఫైల్) నడిపే వేళకి సగం ఆఫ్‌లో ఉంటాయి, కొన్ని ల్యాప్‌టాప్‌లు బ్యాగుల్లో ఉంటాయి. ‘అన్‌రీచబుల్’ అన్న మాట చూసి చూసి విసిగిపోతారు. అలాంటి వాటికి మనం వెళ్లి తలుపు తట్టడం కాదు, అవి మేలుకున్నప్పుడు తామే వచ్చి ‘నాకేం పని’ అని అడిగే పద్ధతి కావాలి. డొమైన్ (విండోస్ కంప్యూటర్లన్నీ ఒకే కేంద్రం కింద ఉండే ఏర్పాటు) ఉంటే గ్రూప్ పాలసీ ఆ పనే చేస్తుంది, డొమైన్ లేకపోతే మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్ లాంటిది చూడండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కాబట్టి ముందు సర్వర్లు.

మొదటి వారం ఏమీ మార్చకండి. సర్వర్ల పేర్లన్నీ ఒక ఇన్వెంటరీ ఫైల్‌లో రాసి, వెబ్, డేటాబేస్, టెస్ట్ అని గ్రూపులుగా విడదీయండి. తర్వాత యాన్సిబుల్‌తో వాటిని ప్రశ్నలు మాత్రమే అడగండి. ఏ వెర్షన్ నడుస్తోంది, డిస్క్ ఎంత మిగిలింది, గడియారం ఎంత చూపిస్తోంది. ఇది వృథా ప్రయాస అనుకోవద్దు. అన్నీ ఒకేలా ఉన్నాయని మీరు నమ్ముతున్న సర్వర్లు ఒకేలా లేవని ఆ రోజే తెలుస్తుంది. నేను మొదటిసారి ఇలా అడిగినప్పుడు మూడు సర్వర్ల గడియారాలు తప్పు నడుస్తున్నాయని బయటపడింది. ఒకటైతే ఏడు నిమిషాలు వెనక. రెండు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు తలనొప్పి ఎందుకొచ్చేదో అప్పుడర్థమైంది. అందుకే మీ మొదటి మార్పు కూడా అదే కానివ్వండి: అన్నిటిలో క్రోనీ (గడియారం సరిచేసే ప్రోగ్రామ్) ఉండాలి, నడుస్తూ ఉండాలి, ఒకే చోటునుంచి టైమ్ తీసుకోవాలి. చిన్న పని, అన్ని సర్వర్లకూ ఒకేలా వర్తిస్తుంది, పొరపాటు జరిగినా మామూలుగా సర్వర్ పడిపోదు.

రెండో పని లాగిన్లు. మీకు ఎక్కువ ఫలితం ఇక్కడే దక్కుతుంది. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల ఎస్‌ఎస్‌హెచ్ కీలు (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడేవి) మీ 40 సర్వర్లలో ఎన్నిచోట్ల ఇంకా ఉన్నాయో ఇప్పుడు చెప్పగలరా? నేనైతే అప్పట్లో చెప్పలేకపోయాను. ఎవరెవరికి ఏ గ్రూపు సర్వర్లలో ప్రవేశం ఉందో ఒకే ఫైల్‌లో రాసి, దాన్నే అన్ని చోట్లా అమలు చేయండి. అయితే ఇక్కడ కొత్తవాళ్లందరూ పడే గొయ్యి ఒకటుంది. ఎవరైనా వెళ్లిపోగానే ఆ జాబితాలోంచి పేరు కొట్టేసి, ప్లేబుక్ నడిపి, పని అయిపోయిందనుకుంటారు. అవదు. జాబితాలో లేని పేరంటే యాన్సిబుల్ లెక్కలో తీసేయాల్సిన పేరు కాదు, తనకు సంబంధం లేని పేరు. ఆ అకౌంట్ సర్వర్‌లో నిక్షేపంగా ఉంటుంది. దాని స్టేట్ ‘ఆబ్సెంట్’ (ఉండకూడదు) అని విడిగా చెప్పాలి. అందుకే నేను రెండు జాబితాలు పెట్టుకుంటాను, ఉన్నవాళ్లది ఒకటి, వెళ్లిపోయినవాళ్లది ఒకటి. రెండో దానిలోంచి పేర్లు ఎప్పుడూ తీయను. ప్యాకేజీలకూ, క్రాన్ పనులకూ, ఫైళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఉండాల్సినవి రాసినట్టే, ఉండకూడనివి కూడా రాయాలి. ఇచ్చిన కీలు తప్ప మిగతావన్నీ తుడిచేయమనే సదుపాయం కూడా ఉంది గానీ, ఆ ఇచ్చినవాటిలో మీ సొంత కీ ఉందో లేదో చూసుకున్నాకే దాని జోలికి వెళ్లండి.

రాసేటప్పుడు వచ్చే చిన్న చికాకులు రెండు చెప్పేస్తాను. ప్లేబుక్ రాసే యామల్ ఫార్మాట్‌లో వరసలు జరపడానికి ట్యాబ్ పనికిరాదు, స్పేస్‌లే వాడాలి. ఫైల్ పర్మిషన్ (ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నది) 0644 అని రాసేటప్పుడు చుట్టూ కోట్స్ పెట్టండి, లేకపోతే మామూలు అంకెగా చదివి మీరు కలలో కూడా అనుకోని పర్మిషన్ ఇచ్చే ప్రమాదముంది.

ఇప్పుడు మీ భయం సంగతి. భయం మంచిదే, ఉండనివ్వండి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు 40 సర్వర్ల మీద ఒకేసారి పడే స్క్రిప్ట్ కంటే మీ రాత్రి లాగిన్లే నయం. కాకపోతే చేత్తో చేస్తే ప్రమాదం లేదనుకోవడం మాత్రం పొరపాటు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థలో జరిగింది చూడండి. అంతకు ముందు రోజుల్లో 8 సర్వర్లలో కొత్త కోడ్ పెట్టారు. ఒక టెక్నీషియన్ ఒక్క సర్వర్‌లో మాత్రం పెట్టడం మరిచారు. సరిచూసే రెండో మనిషి లేడు. మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్‌లో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న పాత కోడ్ నిద్రలేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపేసింది. దాదాపు 45 నిమిషాల్లో నష్టం 40 కోట్ల డాలర్లు దాటింది. ఆ సంస్థ స్వతంత్రంగా మళ్లీ కోలుకోలేదు.

రెండో వైపు కూడా చూడాలి కదా. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ క్లౌడ్‌లో డేటా దాచే సేవ ఎస్3లో కొన్ని సర్వర్లను తప్పించడానికి ఒక ఇంజినీర్ వాళ్ల పద్ధతి ప్రకారమే కమాండ్ ఇచ్చారు. అందులో ఒక విలువ తప్పు పడింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి, నాలుగు గంటలకు పైగా ఇంటర్నెట్‌లో ఎన్నో సైట్లు ఇబ్బంది పడ్డాయి. ఆ తర్వాత వాళ్లు ఆటోమేషన్ మానేయలేదు. ఆ టూల్ సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తీసేలా, ఒక కనీస సంఖ్య కంటే కిందికి పోనివ్వకుండా మార్చారు. చెయ్యి ఒకదాన్ని మరిచిపోతుంది, టూల్ దేన్నీ వదలదు. మరిచిపోయే చేతికి నేర్పడం కష్టం, టూల్‌కి కళ్లెం వేయడం తేలిక.

ఆ కళ్లేలు యాన్సిబుల్‌లో ఉన్నాయి. చెక్ మోడ్‌లో నడిపితే ఏమీ మార్చకుండా ఏం మారబోతోందో చెబుతుంది, డిఫ్ కలిపితే ఫైల్‌లో ఏ లైన్ తీసి ఏ లైన్ పెట్టబోతోందో చూపిస్తుంది. దాన్ని గుడ్డిగా నమ్మకండి, నేరుగా షెల్ కమాండ్లు రాసిన చోట చెక్ మోడ్ వాటిని దాటేస్తుంది. షెల్ కమాండ్లు ఎంత తగ్గిస్తే అంత మంచిది అనడానికి ఇదో కారణం. లిమిట్ పెట్టి ముందు ఒక్క టెస్ట్ సర్వర్ మీదే నడపండి. సీరియల్ అనే సెట్టింగ్‌లో మొదట 1, తర్వాత 5, ఆ తర్వాత మిగిలినవి అని రాస్తే ఆ విడతల్లోనే వెళ్తుంది. మొదటి విడతలో ఆ ఒక్క సర్వర్ ఫెయిలైతే మిగతా 39 జోలికి పోదు. కాఫీ తాగడానికి లేవకుండా మొదటి ఆరు సర్వర్లు పూర్తయ్యేదాకా స్క్రీన్ ముందే ఉండండి, ఇది మాత్రం సెట్టింగ్‌తో రాదు.

ఎస్‌ఎస్‌హెచ్, సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్లు నడిపే సదుపాయం) ఫైళ్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. ఒక పాత ఉద్యోగంలో నేను ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్ ఫైల్‌లో ఒక్క పదం తప్పు టైప్ చేసి 11 సర్వర్లకు పంపి రీస్టార్ట్ కూడా చేసేశాను. పదకొండింటికీ లాగిన్ పోయింది. కన్సోల్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే తెరిచేసరికి తెల్లారింది. ఆ ఫైల్‌ని టెంప్లేట్‌గా పంపేటప్పుడు ‘వాలిడేట్’ అని ఒక లైన్ రాసి ఉంటే సరిపోయేది. కొత్త ఫైల్‌ని పాతదాని స్థానంలో పెట్టే ముందు ఎస్‌ఎస్‌హెచ్ తన పరీక్షతో, సుడో అయితే దాని పరీక్ష విసుడోతో సరిచూసి, తప్పుంటే అక్కడే ఆగిపోతుంది. ఇవి మార్చే వేళ పక్కన ఇంకో విండోలో లాగిన్ అయి ఉండటం కూడా మరవకండి.

పుస్తకాల్లో ఓ మూలన ఉండే ఇంకో విషయం. ఫైల్ మారితేనే సర్వీస్ రీస్టార్ట్ అవ్వాలని హ్యాండ్లర్ రాస్తాం. హ్యాండ్లర్లు మామూలుగా ప్లే (ప్లేబుక్‌లో ఒక భాగం) చివర్లో నడుస్తాయి. ఫైల్ మారింది, మధ్యలో ఇంకేదో పని ఫెయిలైంది, ప్లే ఆగిపోయింది అనుకోండి. హ్యాండ్లర్ నడవలేదు. తప్పు సరిదిద్ది మళ్లీ నడిపితే ఫైల్ అప్పటికే సరిగ్గా ఉంది కాబట్టి ‘మారలేదు’ అంటుంది, హ్యాండ్లర్ ఇప్పుడూ నడవదు. స్క్రీన్ అంతా బాగుందన్నట్టు ఆకుపచ్చగా ఉంటుంది, సర్వీస్ మాత్రం పాత సెట్టింగ్‌తోనే నడుస్తుంటుంది. మధ్యలో ఫెయిలైన రోజున ఆ సర్వర్‌లో సర్వీస్‌ని ఒకసారి చేత్తో రీస్టార్ట్ చేసి చూసుకోండి.

రాసినవన్నీ మొదటి రోజునుంచే గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టండి. పాస్‌వర్డ్‌లు మాత్రం అలాగే పెట్టకండి, యాన్సిబుల్ వాల్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాకే. పొరపాటున కమిట్ అయిపోతే ఫైల్ తీసేసి ఊపిరి పీల్చుకోవద్దు, చరిత్రలో అది ఉండిపోతుంది. ఆ పాస్‌వర్డే మార్చేయాలి.

వీటన్నిటికంటే కష్టమైనది అలవాటు. రాత్రి రెండింటికి సైట్ పడిపోతే ప్లేబుక్ రాస్తూ కూర్చోమని నేను చెప్పను. లాగిన్ అవ్వండి, చేత్తో సరిచేయండి. కానీ పొద్దున లేవగానే ఆ మార్పుని ప్లేబుక్‌లో రాయండి. రాయకపోతే, వచ్చే వారం ప్లేబుక్ నడిపినప్పుడు మీరు చేసిన మరమ్మతుని అది బుద్ధిమంతుడిలా తుడిచేస్తుంది, సైట్ మళ్లీ పడిపోతుంది, ఈసారి కారణం వెతకడానికి రెట్టింపు టైమ్ పడుతుంది. ఇలా ఒకసారి జరిగాక చాలామంది ప్లేబుక్ నడపడానికే జంకుతారు. జంకిన కొద్దీ సర్వర్లు దాన్నుంచి దూరం జరుగుతాయి. ఆరు నెలల్లో అది మీ 600 లైన్ల స్క్రిప్ట్ లాగే ఎవరూ ముట్టుకోని వస్తువవుతుంది. మార్పులు లేకపోయినా వారానికోసారైనా నడపండి. ‘మారినవి సున్నా’ అని వస్తే హాయిగా నిద్రపోవచ్చు.

ఎంతవరకు వచ్చారో తెలుసుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. పెద్దగా ఎవరూ ఆధారపడని సర్వర్ ఒకటి ఎంచుకుని, డేటా బ్యాకప్ తీసి, దాన్ని పూర్తిగా చెరిపేయండి. ఖాళీ సర్వర్ మీద ప్లేబుక్ నడిపి మళ్లీ నిలబెట్టండి. మొదటిసారి ఖాయంగా ఎక్కడో ఆగుతుంది, ఎప్పుడో చేత్తో పెట్టి మరిచిపోయిన ఫోల్డర్ ఒకటి గుర్తొస్తుంది. రాసి, మళ్లీ చెరపండి. ఉబుంటు ఆటోఇన్‌స్టాల్, రెడ్ హ్యాట్ కిక్‌స్టార్ట్ లాంటివి అప్పుడు నేర్చుకుంటే సరిపోతుంది, ఓఎస్ పెట్టడం కూడా మీ చేతిమీద ఉండదు. ప్లేబుక్ సర్వర్‌ని తిరిగి కడుతుంది గానీ డేటాని తిరిగి ఇవ్వదు, బ్యాకప్ వేరే పని. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ని చెరిపేశాక బ్యాకప్‌ల కోసం చూస్తే, రోజూ తమంతట తామే జరుగుతున్నాయనుకున్నవి చాలాకాలంగా ఫెయిలవుతున్నాయి. ఆ సంగతి చెప్పాల్సిన మెయిల్స్ కూడా చేరలేదు. అదృష్టంకొద్దీ అంతకు ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిన కాపీ ఉంటే దానితో బయటపడ్డారు. ఆటోమేట్ చేసినదాన్ని కూడా ఎవరో ఒకరు తెరిచి చూస్తుండాలి.

ఉద్యోగం గురించి అడిగారు. పేస్ట్ చేసే పని పోతుంది, అందులో దాపరికం ఏమీ లేదు. సంస్థ మిమ్మల్ని దానికోసమే ఉంచుకుందా అన్నది మీకే తెలియాలి. నాకు మీ ఉత్తరంలో కనిపించింది వేరు. 70 మంది కంప్యూటర్లు ఎవరూ సరిగ్గా చూడటం లేదు, బ్యాకప్ మాటే మీరు ఎత్తలేదు, పాత సర్వర్ మీద చెయ్యి వేసే తీరిక లేదు. మీ రాత్రులు ప్యాచ్‌లకు పోతున్నాయి కాబట్టి ఇవి మిగిలిపోయాయి. మీ పైఅధికారికి ‘ఆటోమేషన్ చేస్తున్నాను’ అని చెప్పకండి, అది వాళ్లకు ఏమీ చెప్పదు. ‘కొత్త సర్వర్‌కి సగం రోజు పడుతోంది, గంటలోపు చేస్తాను, దానికి రోజుకి రెండు గంటలు కావాలి’ అని అడగండి. ఇంకో మాట, ఇప్పుడు మీరు వారం సెలవు పెడితే ఏమవుతుంది? మీ తలలో ఉన్నది గిట్‌లోకి వెళితే కనీసం సెలవైనా దొరుకుతుంది.

చివరికి ఆ నాలుగేళ్ల సర్వర్. ఇప్పుడే రీస్టార్ట్ చేయకండి. మెమరీలో నడుస్తున్నదీ డిస్క్ మీద రాసి ఉన్నదీ ఒకటే అన్న నమ్మకం లేదు, అన్నేళ్లు తిరిగిన డిస్క్ ఆగితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకమూ లేదు. ముందు పూర్తి బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ని ఇంకోచోట తెరిచి చూడండి. ఏయే పోర్ట్‌లు (బయటి కనెక్షన్లు వచ్చే ద్వారాలు) వింటోంది, ఎవరు వచ్చి కనెక్ట్ అవుతున్నారు, క్రాన్‌లో ఏముంది అన్నవి రాసుకోండి. కనీసం ఒక నెల గమనించండి, నెలాఖరుకి ఒక్కసారే నడిచే పని ఏదైనా ఉండొచ్చు. ఇన్వెంటరీలో దాన్ని విడి గ్రూపులో పెట్టి, ప్లేబుక్‌లలో ‘ఆల్’ అని రాసే అలవాటు చేసుకోకుండా గ్రూపుల పేర్లే రాయండి, లేదంటే ఏదో ఒక రోజు అదీ వరసలో కలిసిపోతుంది. గ్రూపుకి ‘ముట్టొద్దు’ అని పేరు పెట్టినా తప్పులేదు. నా దగ్గర ఆ పేరుతో గ్రూపు ఇంకా ఉంది, అందులో రెండు సర్వర్లు మిగిలాయి.